సోర్స్ ముట్టుకోకుండా సాఫ్ట్‌వేర్‌ను మలచుకోవడం: ఆస్పెక్టులు, రోల్స్

2017 జులై 1న జీఎస్‌టీ అమల్లోకి వచ్చింది. ముందు రోజు వరకు వ్యాట్, సీఎస్‌టీ అనే పాత అమ్మకపు పన్నుల లెక్కలతో నడిచిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు మర్నాటి నుంచి సీజీఎస్‌టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రం వాటా), ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను) లెక్కలు కట్టాల్సి వచ్చింది. హైదరాబాద్ దుకాణం నుంచి సరుకు వరంగల్ వెళ్తే పన్ను రెండు సగాలుగా విడిపోతుంది. అదే సరుకు విజయవాడ వెళ్తే మొత్తం ఐజీఎస్‌టీ కింద పడుతుంది. 2014 జూన్ 2కు ముందు రాసిన సాఫ్ట్‌వేర్‌కైతే ఆ ఊళ్లన్నీ ఒకే రాష్ట్రం, దాని కోడ్ 28. జీఎస్‌టీ నంబర్లలో ఇప్పుడు తెలంగాణది 36, ఆంధ్రప్రదేశ్‌ది 37.

తయారుచేసిన కంపెనీ సమయానికి కొత్త వెర్షన్ పంపితే గొడవే లేదు. పంపకపోతే? చేతిలో ఉన్నది కంపైల్ అయిపోయిన జార్ ఫైల్ (నడిపే రూపంలోకి మారిపోయిన జావా ప్రోగ్రామ్) ఒక్కటే అనుకుందాం. దుకాణం మాత్రం రేపు పొద్దున తెరవాలి. ఇలా నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌ను దాని సోర్స్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) ముట్టుకోకుండా మన అవసరానికి మలచుకోవడం ఎలా అన్నదానికి ప్రోగ్రామింగ్ పరిశోధకులు రెండు గట్టి దారులు చూపించారు. ఒకటి ఆస్పెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్, రెండోది రోల్స్ ఆధారంగా రాసే ప్రోగ్రామింగ్. మొదటిది స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ పుణ్యమా అని జావా డెవలపర్లలో చాలామందికి పరిచయమే. రెండోదాని పేరు విన్నవాళ్లు తక్కువ. కానీ ఒక ఫలానా సాఫ్ట్‌వేర్‌ను ఒక ఫలానా అవసరానికి మలచాల్సి వచ్చినప్పుడు రెండోదే ఎక్కువ అక్కరకొస్తుంది.

ముందుగా అందరికీ తోచే దారి ఇన్‌హెరిటెన్స్: పాత క్లాస్ మీద ఆధారపడి కొత్త క్లాస్ కట్టడం. బిల్ అనే క్లాస్‌లో (ఆబ్జెక్టులకు అచ్చు లాంటిది) పన్ను లెక్కగట్టే కంప్యూట్‌ట్యాక్స్ అనే మెథడ్ (ఒక పని చేసే కోడ్ ముక్క) ఉందనుకుందాం. ఆ క్లాస్‌ను ఎక్స్‌టెండ్ చేసి జీఎస్‌టీబిల్ అని రాసి, ఆ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేస్తే, అంటే మన కోడ్‌తో మళ్లీ రాస్తే, సరిపోతుందనిపిస్తుంది. చిక్కేమిటంటే బిల్ ఆబ్జెక్టును పుట్టించేది మనం కాదు. పాత సాఫ్ట్‌వేర్ లోపల పది చోట్ల 'న్యూ బిల్' అని రాసి ఉంటుంది, అక్కడ ఎప్పుడూ పాత బిల్లే పుడుతుంది. మన సబ్‌క్లాస్ ఎంత చక్కగా ఉన్నా దాన్ని వాడేవాళ్లే ఉండరు. ఆబ్జెక్టులను ఫ్యాక్టరీ (పుట్టించే పనిని ఒకేచోట పెట్టిన కోడ్) ద్వారా పుట్టించి ఉంటే అక్కడ మనది దూర్చవచ్చు. అయితే మార్పు ఎక్కడ అవసరమవుతుందో ముందే ఊహించి ఏర్పాటు చేసిన చోటే అది కుదురుతుంది. వ్యాట్ రోజుల్లో రాసిన కోడ్ నుంచి జీఎస్‌టీకి అలాంటి ఏర్పాటు ఆశించలేం.

ఇంకో దారి ఫోర్క్: సోర్స్ కాపీ తెచ్చుకుని నేరుగా దిద్దుకోవడం. మొదటి రోజు ఇంతకన్నా సుఖమైన పద్ధతి ఇంకోటి ఉండదు. కంపెనీ కొత్త వెర్షన్ విడుదల చేసిన ప్రతిసారీ మన దిద్దుబాట్లన్నీ వెతికి మళ్లీ కలపాల్సి వచ్చినప్పుడు కష్టం తెలుస్తుంది. ఏ లైను వాళ్లది, ఏ లైను మనది, ఎందుకు మార్చాం అన్నది చెప్పగలిగినవాళ్లు అప్పటికి టీమ్‌లో ఉండకపోవచ్చు. దాంతో అప్‌గ్రేడ్ అంటేనే టెన్షన్ పట్టుకుంటుంది, చివరికి సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా ఆగిపోతాయి.

ఆస్పెక్టుల ఆలోచన జిరాక్స్ వాళ్ల పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుంది. గ్రెగర్ కిజాలెస్ బృందం 1997లో ఫిన్లాండ్‌లో జరిగిన ఈకూప్ అనే ప్రోగ్రామింగ్ పరిశోధన సదస్సులో దాన్ని ప్రకటించింది. వాళ్లు పట్టుకున్న సమస్య ఇది: లాగింగ్, ట్రాన్సాక్షన్లు, పర్మిషన్ చెక్‌ల లాంటివి ఏ ఒక్క క్లాస్‌లోనూ ఇమడవు. వందల క్లాసుల్లో రెండేసి లైన్ల చొప్పున చెల్లాచెదురుగా ఉంటాయి. వాటిని ఒకచోట రాసి, 'ఫలానా ఫలానా ఘట్టాల్లో ఇది నడవాలి' అని చెప్పగలిగితే మిగతా కోడ్ శుభ్రంగా ఉంటుంది. ఈ ఆలోచనతో జావాకు చేసిన విస్తరణ ఆస్పెక్ట్‌జే. 2002 చివర్లో అది ఎక్లిప్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు గొడుగు కిందికి వచ్చింది.

ఇందులో ముఖ్యమైన మాటలు నాలుగే. ప్రోగ్రామ్ నడుస్తుండగా వచ్చే మెథడ్ పిలుపు, ఫీల్డ్ (ఆబ్జెక్టు దాచుకునే వివరం) చదవడం లాంటి ఘట్టాలు జాయిన్ పాయింట్లు. వాటిలో మనకు కావాల్సినవాటిని ఏరే షరతు పాయింట్‌కట్. అక్కడ నడవాల్సిన మన కోడ్ అడ్వైస్. ఈ అడ్వైస్‌ను అసలు కోడ్‌లోకి చొప్పించే పని వీవింగ్. ఆ వీవింగ్ కంపైల్ చేసేటప్పుడు జరగవచ్చు, కంపైలైన జార్ మీద జరగవచ్చు, క్లాస్ మెమరీలోకి లోడయ్యే క్షణంలోనూ జరగవచ్చు. చివరి రెండు పద్ధతులకు సోర్స్ అక్కర్లేదు. కోడ్‌ను చక్కగా విభజించడం కోసం పుట్టిన ఆలోచన, ఇతరుల సాఫ్ట్‌వేర్‌ను మలచుకునే సాధనంగా మారింది ఇక్కడే.

మన బిల్లు సంగతే చూద్దాం. 'బిల్ క్లాస్‌లో కంప్యూట్‌ట్యాక్స్ నడిచే ప్రతిసారీ' అని పాయింట్‌కట్ రాస్తాం. దానికి ఎరౌండ్ అడ్వైస్ తగిలిస్తాం, అంటే అసలు మెథడ్ బదులు మన కోడ్ నడుస్తుంది. పాతది కూడా కావాలనుకుంటే ప్రొసీడ్ అని పిలుస్తాం. 'న్యూ బిల్' అని ఎన్ని చోట్ల రాసి ఉన్నా ఇబ్బంది లేదు, ఎందుకంటే మార్పు బిల్ క్లాస్ బైట్‌కోడ్‌లోనే (కంపైలయ్యాక వచ్చే రూపంలోనే) జరిగింది. ఇన్‌హెరిటెన్స్‌తో కానిది ఇక్కడ పది లైన్లలో అయిపోయింది.

అసలు ఇబ్బందులు ఆ తర్వాత మొదలవుతాయి. 10,000 రూపాయల సరుకు, పన్ను 18 శాతం అనుకుందాం. వరంగల్ బిల్లులో సీజీఎస్‌టీ 900, ఎస్‌జీఎస్‌టీ 900 చూపించాలి. విజయవాడ బిల్లులో ఐజీఎస్‌టీ 1,800 చూపించాలి. కానీ వ్యాట్ కాలం నాటి కంప్యూట్‌ట్యాక్స్ ఒకే ఒక్క అంకె తిరిగిస్తుంది, అంటే రెండు సందర్భాల్లోనూ 1,800. ఆ విభజన వివరం ఎక్కడో దాచి, కాసేపటికి ప్రింట్ మెథడ్ నడిచినప్పుడు బయటికి తీయాలి. ఎక్కడ దాచాలి? ఆస్పెక్ట్‌జేలో మామూలుగా ఒక ఆస్పెక్టుకు ఒకే ఒక్క ఇన్‌స్టాన్స్ ఉంటుంది. దాని ఫీల్డులో దాస్తే, రెండు కౌంటర్లలో ఒకేసారి పడే బిల్లుల లెక్కలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. ఆబ్జెక్టుకు ఒక ఆస్పెక్టు చొప్పున పుట్టించమని చెప్పవచ్చు, బిల్ క్లాస్‌లోకే కొత్త ఫీల్డును చొప్పించవచ్చు, లేదా బిల్లును కీగా పెట్టి ఒక మ్యాప్ నడపవచ్చు. అన్నీ పనిచేసేవే. కానీ బిల్లు, పార్టీ (సరుకు కొనేవాళ్లు), రసీదు, రిటర్న్ అని నాలుగైదు క్లాసులు కలిసి మారాల్సి వచ్చినప్పుడు ఆ కొత్త వివరాలన్నీ ఒకదానికొకటి అందేలా అల్లుకునే భారం రాసేవాళ్ల మీదే పడుతుంది.

ఇంతకన్నా ప్రమాదకరమైనది పాయింట్‌కట్ పెళుసుదనం. పాయింట్‌కట్‌లో పేర్ల ప్యాటర్న్ రాయవచ్చు: 'కంప్యూట్‌తో మొదలయ్యే మెథడ్లన్నీ' అన్నట్టు. లాగింగ్‌కు అది వరం. పన్నుకు అది ఉరి. తర్వాతి వెర్షన్‌లో కంపెనీ ఆ మెథడ్ పేరును క్యాలిక్యులేట్‌ట్యాక్స్ అని మార్చిందనుకుందాం. మన పాయింట్‌కట్ దేనికీ తగలదు. ఆస్పెక్ట్‌జే కంపైలర్ 'ఈ అడ్వైస్ ఎక్కడా వర్తించలేదు' అని వార్నింగ్ ఇస్తుంది కానీ కంపైలింగ్ ఆపదు. వందల వార్నింగుల మధ్య అదొకటి. ప్యాటర్న్‌కు తగిలే మెథడ్లు మూడుండి, అందులో ఒక్కదాని పేరే మారితే ఆ వార్నింగ్ కూడా రాదు.

మన ఉదాహరణలో ఇది ఎంత దూరం పోతుందో చూడండి. పాత లెక్కలో రేటు 18 శాతమని దిద్దుకుని ఉంటే మొత్తం 1,800గానే వస్తుంది. కౌంటర్ దగ్గర డబ్బు సరిపోతుంది, కొనేవాళ్లూ అభ్యంతరం చెప్పరు. తప్పు జరిగింది పన్ను ఏ ఖాతాలోకి వెళ్లాలన్న దగ్గర. రాష్ట్రంలోపలి అమ్మకమనుకుని కట్టినది నిజానికి అంతర్రాష్ట్ర అమ్మకమైతే, సరైన ఖాతాలో మళ్లీ కట్టి, ముందు కట్టినదాన్ని రీఫండ్ అడగాలి. అంటే సాఫ్ట్‌వేర్ ఏ ఎర్రరూ చూపించకుండా చేసిన తప్పు నెలల తర్వాత డబ్బు రూపంలో బయటపడుతుంది. ఒక మార్పును కోడ్‌లో చొప్పించే పద్ధతి ఏదైనా సరే, అది అమలు కానప్పుడు గట్టిగా అరవాలి. ఆస్పెక్టుల తొలినాటి ఆదర్శం దీనికి ఎదురుగా ఉంది. అసలు కోడ్‌కు తన మీద ఆస్పెక్టు ఉందన్న సంగతే తెలియకూడదని, అదే ఈ పద్ధతి బలమని అప్పట్లో గట్టిగా వాదించారు. జర్మనీ పరిశోధకుడు ఫ్రీడ్రిష్ స్టైమన్ 2006లో ఈ మూలాన్నే ప్రశ్నించారు. ఒక మాడ్యూల్‌ను దాని కోడ్ చదివి అర్థం చేసుకోలేకపోతే, విడిగా మార్చుకోలేకపోతే, అది మాడ్యులారిటీ ఎలా అవుతుందన్నది ఆయన అభ్యంతరం. మలచుకునే పని విషయంలో ఆ అభ్యంతరానికి ఇప్పటికీ సరైన సమాధానం రాలేదనే చెప్పాలి.

స్ప్రింగ్ వాడేవాళ్లకు ఇంకో రకం అనుభవం ఉంటుంది. స్ప్రింగ్ మామూలుగా బైట్‌కోడ్‌ను దిద్దదు, ఆబ్జెక్టు ముందు ఒక ప్రాక్సీని, అంటే మధ్యవర్తిని, నిలబెడుతుంది. బయటి నుంచి వచ్చే పిలుపులు ప్రాక్సీ గుండా పోతాయి కాబట్టి, ఉదాహరణకు డేటాబేస్ ట్రాన్సాక్షన్ పెట్టే అడ్వైస్ నడిచి ట్రాన్సాక్షన్ మొదలవుతుంది. అదే క్లాస్‌లోని ఒక మెథడ్ ఇంకో మెథడ్‌ను పిలిస్తే ప్రాక్సీ దారిలో ఉండదు, ట్రాన్సాక్షన్ మొదలవ్వదు, ఎర్రరూ రాదు. జావా ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ప్రశ్న ఇది. పైగా ప్రాక్సీ పద్ధతి స్ప్రింగ్ తాను పుట్టించిన ఆబ్జెక్టులకే వర్తిస్తుంది. పాత జార్‌లో 'న్యూ' అని పుట్టినవాటికి అది అందదు. కాబట్టి మన సమస్యకు అది పరిష్కారం కాదు.

ఇక రోల్స్, అంటే పాత్రల సంగతి. ఒకే వ్యాపారి ఒక బిల్లులో అమ్మేవాడు, ఇంకో బిల్లులో కొనేవాడు. మనిషి మారడు, సందర్భాన్ని బట్టి అతని హక్కులు, బాధ్యతలు, అతని గురించి మనం గుర్తుపెట్టుకోవాల్సిన వివరాలు మారతాయి. క్లాసులు దీన్ని సరిగ్గా పట్టుకోలేవు, ఎందుకంటే ఆబ్జెక్టు పుట్టినప్పుడు ఏ క్లాసో చివరివరకు అదే క్లాసు. డేటాబేస్ రంగంలో చార్లెస్ బాక్‌మన్ 1977లోనే రోల్స్‌తో డేటా మోడల్ ప్రతిపాదించారు. ఎంవీసీ అనే ప్రోగ్రామ్ నిర్మాణ పద్ధతిని రూపొందించిన నార్వే శాస్త్రవేత్త ట్రుగ్వె రీన్‌స్కౌగ్ తర్వాతి దశాబ్దాలంతా రోల్ మోడలింగ్ మీదే పనిచేశారు. ఆస్పెక్టులను విమర్శించిన స్టైమనే 2000లో రోల్స్ గురించిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, రోల్‌కు ఉండాలని జనం చెబుతున్న 15 లక్షణాలను ఒకచోట చేర్చారు. వాటిలో కొన్ని ఒకదానికొకటి పొసగవు కూడా.

ఆస్పెక్టులు, రోల్స్ అనే ఈ రెండు ధారలనూ కలిపి నిజంగా వాడుకోదగ్గ భాషగా మలిచింది బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో స్టెఫాన్ హెర్‌మన్. 2000ల మొదట్లో ఆయన మొదలుపెట్టిన ఆ భాష పేరు ఆబ్జెక్ట్ టీమ్స్. ఇదీ జావాకు విస్తరణే. ఇందులో టీమ్ అంటే ఒక సందర్భం. టీమ్ లోపల రోల్ క్లాసులు ఉంటాయి. ప్రతి రోల్ 'నన్ను పోషించేది ఫలానా పాత క్లాస్' అని తనే ప్రకటించుకుంటుంది.

జీఎస్‌టీ అనే టీమ్ రాద్దాం. అందులో రెండు రోల్స్: పన్నుబిల్లు, పన్నుపార్టీ. మొదటిదాన్ని పోషించేది పాత బిల్ క్లాస్, రెండోదాన్ని పోషించేది పాత పార్టీ క్లాస్. పన్నుబిల్లులో రెండు కొత్త ఫీల్డులు పెడతాం, రెండు సగాలు దాచుకోవడానికి. తర్వాత బైండింగులు (రోల్‌ను పాత క్లాస్‌తో కలిపే లైన్లు) రాస్తాం. పాత బిల్లులోని మొత్తం, తేదీ రోల్‌కు కావాలి కాబట్టి ఆ మెథడ్లను రోల్ నుంచి బేస్ (దాన్ని పోషించే పాత క్లాస్) వైపు కలుపుతాం, దీన్ని కాల్‌ఔట్ అంటారు. కంప్యూట్‌ట్యాక్స్ పిలుపు వచ్చినప్పుడు దాని బదులు రోల్‌లోని మెథడ్ నడవాలని బేస్ నుంచి రోల్ వైపు కలుపుతాం, ఇది కాల్‌ఇన్. కాల్‌ఇన్ మూడు రకాలు: ముందు, తర్వాత, బదులుగా. ప్రింట్ మెథడ్‌కు 'తర్వాత' అని కలిపితే, మొత్తం అచ్చయ్యాక రోల్ తాను దాచుకున్న 900, 900 లైన్లను అచ్చు వేస్తుంది.

ఇక్కడ దాచే చోటు గురించి తిప్పలు పడాల్సిన పనే లేదు. ఒక టీమ్‌లో ఒక బిల్లుకు ఒకే పన్నుబిల్లు ఉంటుంది. కంప్యూట్‌ట్యాక్స్ సమయంలో పుట్టిన రోల్ ఆబ్జెక్టే, ఆ తర్వాత ప్రింట్ సమయంలోనూ తిరిగి దొరుకుతుంది. పాత బిల్లు టీమ్ లోపలికి వచ్చిన ప్రతిచోటా దాని రోల్‌ను వెతికి చేతికిచ్చే పని భాషే చేస్తుంది. దీని పేరు లిఫ్టింగ్. రోల్ బయటికి వెళ్తుంటే మళ్లీ పాత బిల్లుగా మార్చి పంపడం లోవరింగ్. పన్నుబిల్లు తన పార్టీని అడిగితే దొరికేది పాత పార్టీ కాదు, పన్నుపార్టీ. దాన్ని రాష్ట్రం కోడ్ అడిగితే జీఎస్‌టీ నంబరులోని మొదటి రెండు అంకెలు చూసి 36 అనో 37 అనో చెబుతుంది. కొత్త లోకం మొత్తం టీమ్ లోపల ఒక మామూలు ప్రోగ్రామ్‌లా చదువుకోవచ్చు. ఆబ్జెక్ట్ టీమ్స్‌లో అన్నిటికన్నా అందమైన విషయం ఇదే.

బైండింగుకు షరతు కూడా పెట్టవచ్చు. బిల్లు తేదీ 2017 జులై 1 లేదా ఆ తర్వాతదైతేనే కాల్‌ఇన్ వర్తించాలని రాస్తే, పాత బిల్లును మళ్లీ తెరిచి లెక్క చూసినప్పుడు వ్యాట్ లెక్కే కనిపిస్తుంది. అసలు టీమ్‌నే ఆన్, ఆఫ్ చేయవచ్చు: మొత్తం ప్రోగ్రామ్‌కు, ఒక్క థ్రెడ్‌కు (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనుల్లో ఒకదానికి), లేదా కోడ్‌లో ఒక్క బ్లాక్ నడిచేంత సేపటికి.

పెళుసుదనం విషయంలో కూడా తేడా ఉంది. ఆబ్జెక్ట్ టీమ్స్ బైండింగుల్లో పేర్ల ప్యాటర్న్‌లు ఉండవు, మెథడ్లను ఒక్కొక్కటిగా పేరు పెట్టి రాయాలి. లాగింగ్ లాంటి పనికి ఇది పెద్ద విసుగు. కానీ కొత్త వెర్షన్ జార్‌తో టీమ్‌ను మళ్లీ కంపైల్ చేసినప్పుడు, కంప్యూట్‌ట్యాక్స్ పేరు మారి ఉంటే వచ్చేది వార్నింగ్ కాదు, ఎర్రర్. బేస్ క్లాస్‌లోని ప్రైవేట్ మెథడ్‌ను కూడా రోల్ ముట్టుకోగలదు, ముట్టుకున్న చోటల్లా కంపైలర్ గుర్తుచేస్తుంది. 'బదులుగా' రకం మెథడ్‌లో అసలు మెథడ్‌ను పిలవడం మర్చిపోతే అదీ చెబుతుంది. పరాయి కోడ్ మీద మనం ఎక్కడెక్కడ ఆధారపడ్డామో ఆ జాబితా మొత్తం టీమ్‌లో కళ్లెదుటే ఉంటుంది. అలా ఆధారపడటాన్ని ఏ పద్ధతీ తప్పించలేదు, కనీసం దాన్ని రాతపూర్వకంగా ఉంచడం ఇక్కడ తప్పనిసరి అయింది.

ఇదంతా పరిశోధన పత్రాలకే పరిమితమైన ముచ్చట కాదు. ఎక్లిప్స్‌లో జావా సాధనాల విభాగాన్ని జేడీటీ అంటారు. ఆబ్జెక్ట్ టీమ్స్‌కు కావాల్సిన ఎడిటర్, డీబగ్గర్ సదుపాయాలను జేడీటీ కోడ్‌ను దిద్దకుండా ఆబ్జెక్ట్ టీమ్స్ రోల్స్‌తోనే తగిలించారు. ఇతర ప్లగిన్లను ఇలా మలచడానికి వీలుగా, ఎక్లిప్స్ ప్లగిన్లను నడిపే ఈక్వినాక్స్ మీద ఒక ఏర్పాటు చేశారు: ఏ ప్లగిన్ ఏ ప్లగిన్‌ను మలుస్తోందో ప్లగిన్ వివరాల ఫైల్‌లో (plugin.xml) ముందే ప్రకటించాలి. అయితే జేడీటీ కంపైలర్ భాగానికి వచ్చేసరికి వాళ్లు కూడా ఫోర్క్ చేసి దిద్దుకోక తప్పలేదు. కొత్త భాషకు కంపైలర్ అంటే అసలు కోడ్‌లో మార్పు తగలని చోటు ఉండదు. ఈ పద్ధతికి హద్దు ఎక్కడో దాని సృష్టికర్తల పనిలోనే తెలుస్తోంది: మార్పు కొన్ని చోట్ల తగలాల్సి ఉంటే రోల్స్, ఒళ్లంతా తగలాల్సి ఉంటే ఫోర్కే మేలు. ఇదే జేడీటీని ఆస్పెక్టులతో మలిచినవాళ్లూ ఉన్నారు. స్కాలా ఐడీఈ (స్కాలా భాషలో కోడ్ రాసే సాధనం) పనిచేయడానికి కావాల్సిన మార్పులను ఆస్పెక్ట్‌జే వీవింగ్ ద్వారానే జేడీటీలోకి ఎక్కించారు.

రోల్స్‌కూ లోపాలున్నాయి. బిల్లు, దాని రోల్ మెమరీలో రెండు వేర్వేరు ఆబ్జెక్టులు. రెండూ ఒకటేనా అని ఎక్కడైనా పోల్చి చూస్తే కాదని జవాబు వస్తుంది. లిఫ్టింగ్, లోవరింగ్ దీన్ని చాలావరకు కప్పిపుచ్చుతాయి కానీ పూర్తిగా కాదు. డీబగ్ చేసేటప్పుడు స్టాక్ ట్రేస్‌లో (మెథడ్ పిలుపుల వరుసలో) సోర్స్‌లో లేని మెట్లు కనిపిస్తాయి. పాత కోడ్ మాత్రమే చదివేవాళ్లకు అక్కడ ఇంకొకటి నడుస్తోందన్న సంగతి తెలియదు, సాధనం గుర్తు చూపిస్తే తప్ప. అన్నిటికన్నా పెద్ద లోపం, ఇది ప్రత్యేక భాష కావడం. కొత్తగా చేరినవాళ్లు నేర్చుకోవాలి, ఐడీఈ మద్దతు నిలవాలి. చిన్న సముదాయం మీద ఆధారపడిన భాషను ఒక దుకాణం బిల్లింగ్ కోసం తలకెత్తుకోవడం తేలికైన నిర్ణయం కాదు.

ఆ భాష వాడకపోయినా దాని క్రమశిక్షణను ఆస్పెక్ట్‌జేలోనే పాటించవచ్చు. ప్యాటర్న్‌లు మానేసి ఒక్కో మెథడ్‌కు పూర్తి సిగ్నేచర్‌తో (పేరు, తీసుకునే, తిరిగిచ్చే విలువల రకాలతో) పాయింట్‌కట్ రాయాలి. అడ్వైస్ వర్తించలేదన్న వార్నింగ్‌ను సెట్టింగుల్లో ఎర్రర్‌గా మార్చుకోవాలి. ఒక అవసరానికి సంబంధించిన అడ్వైస్‌లన్నీ ఒకే ప్యాకేజీలో ఉంచి, అడ్వైస్ లోపల లెక్కలు కట్టకుండా దాన్ని ఒక మామూలు క్లాస్‌కు అప్పగించాలి. ఆ క్లాసే మన రోల్.

జావా కూడా మెల్లగా తలుపులు బిగిస్తోంది. 2017లో వచ్చిన జావా 9 మాడ్యూళ్లు లోపలి క్లాసులకు గోడ కట్టాయి, 2021 నాటి జావా 17కు ఆ గోడ గట్టిపడింది. నడుస్తున్న ప్రోగ్రామ్‌లోకి మధ్యలో ఏజెంటును (క్లాసులను దిద్దగల సహాయక ప్రోగ్రామ్‌ను) ఎక్కిస్తే 2023లో వచ్చిన జావా 21 వార్నింగ్ ఇస్తుంది. ప్రోగ్రామ్ మొదలుపెట్టేటప్పుడే కమాండ్ లైన్‌లో ఏజెంటును పేర్కొంటే మాత్రం అభ్యంతరం లేదు. ఓపెన్‌టెలిమెట్రీ లాంటి మానిటరింగ్ సాధనాలు ఆ దారినే అసంఖ్యాకమైన ప్రొడక్షన్ సర్వర్లలో పనిచేస్తున్నాయి. ఇది సరైన దిశే. ఎవరి కోడ్‌ను ఎవరు మారుస్తున్నారో ముందే చెప్పి చేయమనడంలో తప్పు లేదు. సాంకేతికంగా వీలైనవన్నీ లైసెన్స్ ఒప్పుకోకపోవచ్చు, అది విడిగా చూసుకోవాలి.

మలచుకున్న సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చిన రోజు చేయాల్సింది కంపైల్ ఒక్కటే కాదు. పేరు అదే ఉండి పని మారితే ఏ కంపైలరూ పట్టుకోలేదు. కంప్యూట్‌ట్యాక్స్ పన్నుతో పాటు రౌండాఫ్ కూడా చేయడం మొదలుపెడితే, దాన్ని పూర్తిగా పక్కకు తోసే మన రోల్ ఆ రౌండాఫ్‌ను మింగేస్తుంది. అందుకే ప్రతి బైండింగుకూ ఒక టెస్ట్ ఉండాలి: వరంగల్ బిల్లు ఒకటి, విజయవాడ బిల్లు ఒకటి, 2017 జూన్ 30 తేదీతో ఒకటి. మొత్తం సరిపోయిందా అని చూస్తే చాలదు, ఏ ఖాతాలో ఎంత పడిందో చూడాలి.

ఇలా బయటి నుంచి చేర్చిన మార్పును ఎప్పటికీ మోయాలని కూడా లేదు. కోడ్‌లో నల్ తప్పులను (విలువ లేని చోట ఉందనుకుని చేసే పొరపాట్లను) అనొటేషన్ల (కోడ్‌లో పెట్టే గుర్తుల) సాయంతో ముందే పట్టుకునే విశ్లేషణను హెర్‌మన్ మొదట జేడీటీని ముట్టుకోకుండా ఆబ్జెక్ట్ టీమ్స్ ప్లగిన్‌గా తయారుచేసి, వాడి చూసేవాళ్ల చేతికిచ్చారు. అది నిలదొక్కుకున్నాక 2012 జూన్‌లో వచ్చిన ఎక్లిప్స్ జూనో విడుదలలో ఆ సదుపాయం జేడీటీలోనే భాగమైంది. దాంతో బయటి ప్లగిన్ అవసరం తీరిపోయింది.